విశాఖపట్టణమున శిల్పికి తావు
(వార్షిక మహాసభలో చదువబడిన యుపన్యాసము)



ఈ సంవత్సరపు మహాసభలో శిల్పమును గుఱించి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరినప్పుడు మేము కొంత సంకోచించితిమి. ఉలి పట్టిన చేతికి కలము పట్టుట యలవాటు లేదు. ఇట్టి సభలలో మాటలాడువారు విశ్వకర్మ పంచముఖములను స్మరించి, మయసభను వర్ణించి, పూర్వుల వైభవమును కీర్తించి కూర్చుండుట పరిపాటి. ఆ కీర్తనము వినుటకు సొంపుగానే యుండును. కాని సభ ముగిసి యింటికి పోవునప్పుడు, మన పిల్లవాడు రేపు ఏ పనికి పోవుననెడి చింత మాత్రము అట్లే మిగిలియుండును. కావున మేము నేడు పూర్వవైభవమును విస్తరింపక, ఒక చిన్న ప్రశ్నను మాత్రము మీ ముందుంచ దలచితిమి. శిల్పి యొకడు తన యూరు విడిచి మఱియొక యూరికి వచ్చినపుడు, ఆ యూరు అతనికి ఏమి యీయవలెను? అతడు ఆ యూరికి ఏమి యిచ్చును?

ఈ ప్రశ్న ఇతరులకు చిన్నదిగా దోచవచ్చును. మనకు మాత్రము చిన్నది కాదు. ఎట్లన, ఈ ప్రశ్నకు మేమొకప్పుడు తప్పు సమాధానము చెప్పియున్నాము. ఆ సంగతిని దాచక తరువాత విన్నవింతుము.

మొదట శిల్పనగరమనగా నేమో విచారింతము. పూర్వకాలపు దేవాలయ మొకటి యున్నంత మాత్రమున ఏ యూరును శిల్పనగరము కాజాలదు. గుడి కట్టినవారు పోయి, వారి విద్య పోయి, గుడి మాత్రము నిలిచిన యూళ్ళు మన దేశమున కోకొల్లలు. శిల్పనగరమునకు నాలుగు వస్తువులు కావలెను. మొదటిది శిల. అది బండిపై తెచ్చుకొనదగిన దూరమున నుండవలెను. రెండవది కొలిమి. గట్టి నల్లరాతిపై పనిచేయు ఉలి మొన కొంతసేపటికే మొద్దువాఱును. సాయంకాలమున ఉలులను కాల్చి, సాగగొట్టి, నీట ముంచి మరల పదును పెట్టు కమ్మరి చెంతలేనిచో మఱునాటి యుదయమున శిల్పి చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే. మూడవది తోడు. ప్రక్కన కూర్చుండి పనిచేయు తోటివాడు తలయెత్తి, ‘ముక్కు కొంచెము ప్రక్కకు పోయినది, చూచుకొనుము’ అని చెప్పినగాని మన తప్పు మన కంటికి కనబడదు. నాలుగవది గిరాకి. చేసిన పనికి వెలయిచ్చు పోషకుడు లేనిచో ఎంతటి విద్యయైనను ఒక తరములో నశించును.

ఈ నాలుగును చాలునని మేము చిరకాలము తలచియుంటిమి. ఐదవది యొకటి కలదని మాకు ఆలస్యముగా తెలిసినది. అది కార్ఖానా తలుపు తెఱచియుండుట.

మన విశాఖపట్టణము సంగతి చూతము. ఇది ఓడరేవు, ఉక్కునగరము అని లోకమున ప్రసిద్ధి. శిల్పమునకు దీనికి నేమి సంబంధమని కొందఱందురు. అనకాపల్లి చెంత శంకరము గ్రామమున బొజ్జన్నకొండ, లింగాలకొండ అను రెండు గుట్టలు కలవు. బౌద్ధులు అచ్చట కొండను తొలిచి గుహాలయములను చేసిరి. గుట్టరాతినే మలచి వరుసలు వరుసలుగా స్తూపములను తీర్చిరి. 1907-08 సంవత్సరములలో అలెగ్జాండరు రే అను పురావస్తు శాస్త్రజ్ఞుడు త్రవ్వకములు జరిపించి ఆ స్థలమును లోకమునకు తెలియజేసెను. ఇక సింహాచలము. నేడు మనము చూచు ఆ యాలయము 13వ శతాబ్దమున తూర్పు గాంగుల యేలుబడిలో పునర్నిర్మింపబడినది. ఆ నిర్మాణమును దెలుపు 1268 నాటి శాసన మచ్చట కలదు. ఆ గుడి గోడలపై వందలకొలది శాసనములున్నవి. అవి రాజులను గుఱించియు, దాతలను గుఱించియు చెప్పినంతగా ఉలి పట్టినవారిని గుఱించి చెప్పవు. అయినను స్తంభముల మీది పనిని చూచినవారికి, అది ఒక్క కుటుంబము వలన, ఒక్క తరము వలన అలవడిన నేర్పు కాదని తెలియును.

మన కొండల రాతిని భూగర్భ శాస్త్రజ్ఞులు ఖోండలైటు అందురు. తూర్పు కనుమలలో నివసించు ఖోండుల పేరు దానికి పెట్టబడినది. ఈ జాతి రాయి ఉలికి సులభముగా లొంగును. గాలికి వానకు త్వరగా చివుకును. కోణార్క సూర్యదేవాలయమునందు విశేషముగా వాడబడినది ఈ జాతి రాయియే. సముద్రపు గాలికి అచ్చటి ముఖములు అరిగిపోవుటకు రాతి స్వభావము కూడ ఒక కారణము. మంచి శిల్పి తాను వచ్చిన యూరి రాతిని తెలిసికొనక ఉలి యెత్తడు. అట్లే మంచి యూరు తనయొద్దకు వచ్చిన శిల్పి గుణమును తెలిసికొనక అతనిని పంపివేయదు. ఈ రెండవ మాటను మీరు జ్ఞాపకముంచుకొందురు గాక.

ఇక మన కులమువారి చేతిపని యీ పట్టణమునకు తెచ్చిన కీర్తిని గుఱించి చెప్పవలసియున్నది. 17వ శతాబ్దపు చివరి భాగమున ఈస్టిండియా కంపెనీవారు ఇచ్చట వర్తకస్థానమును స్థాపించిరి. వారి వెంట ఓడలపై వారి కుర్చీల, బల్లల, పెట్టెల నమూనాలు వచ్చెను. కంసాలుల ఇండ్లలో అంతకు పూర్వము ఎవరును అట్టి కుర్చీలను చూచియుండరు. అయినను వారు ‘ఇది మా శాస్త్రమున లేదు’ అని త్రోసిపుచ్చలేదు. నమూనాను చేతబట్టి, కొలత తీసి, కఱ్ఱను కోసి, ఏనుగు దంతమును పలుచని రేకులుగా తీర్చి పైన అతికిరి. ఆ దంతముపై సన్నని మొనతో లతలను, పూవులను గీచి, ఆ గీతలలో నల్లని లక్కను నింపిరి. ఆకారము వారిది, అంచున పాఱిన లత మనది. ఈ తీరమున అద్దకపు వస్త్రములపై నడయాడిన లతయే ఆ పెట్టెల మీదికి వచ్చినదని ఎఱిగినవారందురు.

1756 సంవత్సరమున కార్నీల్ అను ఆంగ్ల సైనికోద్యోగి యీ పట్టణపు అద్దకపు వస్త్రములను, పొదుగుడు పనిని మెచ్చుకొని వ్రాసియున్నాడు. చెన్నపట్టణపు గవర్నరుగా నుండిన అలెగ్జాండరు వించి సీమకు కొనిపోయిన దంతపు కుర్చీలను 1781లో ఆంగ్ల రాజు మూడవ జార్జి కొని తన రాణి షార్లెటుకు ఇచ్చెను. మన పట్టణము పేరు నేటికిని విదేశపు వస్తు ప్రదర్శనశాలలలో ఆ పెట్టెల చెంత చీటీలపై కనబడుచుండును. చేసినవాని పేరు మాత్రము కనబడదు.

ఆ విద్య యేమయినది? 1986లోను, తరువాత 1991లోను వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు సవరణలు జరిగి దంతపు వ్యాపారము సంపూర్ణముగా నిషేధింపబడినది. చట్టమును మేము తప్పుపట్టము. ఏనుగు ప్రాణముకన్న పెట్టె గొప్పది కాదు. కాని మనము నేర్చుకొనవలసిన పాఠమొకటి యిందున్నది. కొత్త నమూనా వచ్చినప్పుడు తలుపు తెఱచిన చేతులకు రెండువందల యేండ్లకు పైగా అన్నము దొరికెను. ఒక్క పదార్థమునే నమ్ముకొన్న చేతులకు ఆ పదార్థము పోయిననాడు దారి తెలియలేదు. రెండవ పదార్థమును, రెండవ పద్ధతిని తెచ్చువాడు సాధారణముగా బయటివాడే. మన యింటిలో లేనిదానిని మన యింటివాడు ఎట్లు తెచ్చును?

ఇప్పుడు మా తప్పును చెప్పుకొందుము.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక యువకుడు మా కార్ఖానాకు వచ్చెను. భుజమున ఒక సంచి, చేతిలో చుట్టిన కాగితములు. కళాశాలలో చిత్రకళ చదివినవాడట. మట్టిబొమ్మలు చేయుట నేర్చినవాడట. రాతిపని మాత్రము తెలియదట. గుమ్మము వెలుపలనే నిలిచి నమస్కరించి, ‘అయ్యా! నాకు జీతమక్కఱలేదు. మీ చావడిలో ఒక మూల కూర్చుండి రాతిపని నేర్చుకొందును. మీరు చెప్పిన పనియెల్ల చేయుదును’ అనెను. మేము అతని కాగితములను విప్పి చూడలేదు. ‘నాయనా, నీవు ఎవరి వాడవు? మీ నాయనగారు ఏ పనివారు?’ అని అడిగితిమి. అతడు చెప్పెను. మన వృత్తివారు కారు. అప్పుడు చావడిలో కూర్చున్న పెద్దలు ఒకరి మొగము ఒకరు చూచుకొనిరి. మేమును ‘ఇది తాతముత్తాతల నుండి వచ్చు విద్య బాబూ, నెలలో వచ్చునది కాదు’ అని చెప్పి పంపివేసితిమి. అతడు ఎండలో నడచి పోవుచుండగా మా చిన్న మనుమరాలు మజ్జిగ చెంబుతో వెనుక పరుగెత్తెను. ఆ బిడ్డకు తెలిసిన మర్యాద మాకు ఆనాడు తెలియకపోయెను.

మూడేండ్లు గడచెను. మన సంఘపు మందిరమునకు అమ్మవారి విగ్రహము కావలసివచ్చినది. మా చేతులు అప్పటికే వణకుచుండెను. మా కుమారులు వేఱు ఉద్యోగములకు పోయియుండిరి. కావున విగ్రహమును చెప్పుటకై మేము ఆళ్ళగడ్డకు పోయితిమి. అహోబిలమునకు పోవువారందఱును ఆ యూరిని ఎఱుగుదురు. దారిప్రక్కన రాతిచావళ్ళు, ఎటు చూచినను సగము లేచిన విగ్రహములు, ఉదయము మొదలు సాయంకాలము వఱకు ఉలిచప్పుడు. మేము చెప్పిన నాలుగు వస్తువులును అచ్చట కనబడినవి.

ఒక చావడిలో పెద్ద శిల్పితో మేము తాళమానమును గుఱించి మాటలాడుచుంటిమి. నవతాళ విగ్రహమునకు నూట యెనిమిది అంగుళములు, తాళమునకు పండ్రెండు, ఆ లెక్క మనలో పెద్దలకు తెలిసినదే. అంతలో వెనుకనుండి ఒకడు వచ్చి మాకు నమస్కరించెను. ముఖము దుమ్ముతో తెల్లబడియున్నది. మేము గుర్తింపలేదు. అతడే తన్ను గుర్తుచేసెను. మా గుమ్మము నుండి పోయినవాడు రెండు మూడు యూళ్ళు తిరిగి అచ్చటికి చేరెనట. ఆ పెద్ద శిల్పి అతనిని మొదటి యాఱుమాసములు ఉలులు పదును పెట్టుటకును, రాళ్ళ మీద నీళ్ళు చల్లుటకును ఉంచెనట. తరువాత మోటుపని. ఆ తరువాత పీఠములు. అతడు వచ్చినది మొదలు ఆ చావడిలో ఒక క్రొత్త పద్ధతి యేర్పడెను. మొదట మట్టితో చిన్న నమూనా చేసి, పోషకునికి చూపి, అతడు ఒప్పుకొన్న పిమ్మటనే రాతిపై ఉలి వేయుచున్నారు. ‘మాకు రాయి వృథా పోవుట తగ్గినది. మన పిల్లలు ఇద్దఱు ఇతని వద్ద మట్టిపని నేర్చుచున్నారు’ అని ఆ పెద్ద శిల్పి చెప్పెను. ఆ మాటలో గర్వము లేదు. మమ్ము ఎత్తిపొడుచుటయు లేదు. మాకు మాత్రము ఉలి తగిలినట్లయినది.

నేడు మన మందిరమున వెలసిన అమ్మవారి పీఠము మీది లతయు, అభయహస్తపు వ్రేళ్ళును ఆ యువకుని పని. పండుగనాడు మనమందఱము ఆ పీఠముచెంత తలవంచి మ్రొక్కుచున్నాము. ఎవని చేతిని మన చావడి నుండి పంపివేసితిమో, ఆ చేతిపనికే మ్రొక్కుచున్నాము. ఈ సంగతిని ఇంతకాలము సభలో చెప్పుటకు మాకు ధైర్యము చాలలేదు.

ఇది మన దేశమున మాత్రమే జరుగు సంగతి కాదు. ఇటలీ దేశమున పాలరాతి కొండల దాపున పియెత్రసాంత అను చిన్న పట్టణము కలదు. మైకెలాంజిలో కాలము నుండియు ఆ ప్రాంతపు రాయి ప్రసిద్ధము. అచ్చటి పనివారు రాతిని చెక్కుటయందును, కంచు పోతపోయుటయందును నేర్పరులు. దూరదేశముల నుండి శిల్పులు వచ్చి, ఆ పనివారి చావళ్ళలో వారితో కలిసి పనిచేయుచుందురు. దక్షిణ అమెరికాలోని కొలంబియాలో పుట్టిన ఫెర్నాండో బొతేరో అను ప్రసిద్ధ శిల్పి ఆ యూరిని తన నివాసములలో ఒకటిగా చేసికొనెను. 2023లో ఆయన మరణించిన పిమ్మట ఆయన భౌతికావశేషములు ఆ యూరనే ఉంచబడినవి. వచ్చినవాడు ఊరివాడయ్యెను. పనివారికి పని దొరికెను. ఆ యూరి పేరు లోకమున నిలిచెను. ఇందు నష్టపోయినవారెవరు?

అంత దూరము పోనేల? మన పట్టణముననే యట్టి యుదాహరణము కలదు. సూర్యాపేటలో 1956లో జన్మించిన శిల్పి రవీందర్ రెడ్డిగారు బరోడా విశ్వవిద్యాలయమున శిల్పమును అభ్యసించి, లండను నగరమున చదివి, అహమదాబాదులో కొంతకాలము పనిచేసి, 1990 ప్రాంతమున మన విశాఖపట్టణమునకు వచ్చిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున శిల్పాచార్యులుగా నుండి విద్యార్థులకు బోధించిరి. ఆయన చేసిన స్త్రీ శిరస్సులు మనిషి యెత్తునకు మించి యుండును. ఫైబరుగ్లాసుతో పోసి, పైన బంగారు రేకు నతికియో, మెఱయు రంగులు పూసియో వానిని తీర్చిరి. ఆ స్త్రీలు రాణులు కారు, దేవతలు కారు. మన వీధిలో కూరలు కొనుచు, బస్సు కొఱకు నిలుచుచు కనబడు స్త్రీలు. కొప్పు ముడి, కొప్పులో పూలు, నొసట బొట్టు, ముక్కున ముక్కుపుడక. ఆ కన్నులు మాత్రము గర్భగుడిలోని మూర్తి కన్నులవలె ఱెప్పవాల్పక చూచుచుండును.

ఆ కన్నులను చూచినపుడు మాకు నేత్రోన్మీలనము జ్ఞాపకమునకు వచ్చును. విగ్రహమునంతయు చెక్కి, చివరకు కన్నులు తెఱచునప్పుడు మన పెద్దలు ఉపవాసముండి చేయు కార్యము అది. ఆ భావమును, విద్యాలయముల ద్వారా శిల్పమును నేర్చిన యొకరు, శిల కాని పదార్థమున, దేవత కాని స్త్రీ ముఖమున నిలిపిరి. దానిని శాస్త్రవిరుద్ధమని కొందఱనవచ్చును. మాకు అట్లు తోచలేదు. మన యింటి దీపముతో వేఱొకరు తమ దీపమును వెలిగించుకొన్న యెడల మన దీపము చిన్నది కాదు. ఆ శిరస్సులు దేశదేశముల ప్రదర్శనశాలలకు పోయినవి. మఱి ఆ యాచార్యులు ఈ పట్టణమున నుండగా మన కార్ఖానాల నుండి ఎందఱు పోయి ఆయన పనిని చూచిరి? మన పిల్లలను ఎందఱిని చూపుటకు తీసికొనిపోయితిమి? మేము పోలేదు. మీలో పోయినవారున్న యెడల వారికి మా నమస్కారము.

సోదరులారా! ఈ పట్టణమే వచ్చినవారి చేత పెరిగిన పట్టణము. 1933లో క్రొత్త ఓడరేవు తెఱవబడినప్పుడు కూలికి వచ్చినవారెందఱో. 1948లో స్వతంత్ర భారతమున మొదటి పెద్ద నౌక ‘జల ఉష’ ఇచ్చటి నౌకానిర్మాణశాల నుండి నీటిలోనికి దిగినప్పుడు ఆ యినుపఱేకులను అతికిన చేతులు నానా ప్రాంతములవి. ఉక్కు కర్మాగారము కొఱకు 1966లో జరిగిన ఉద్యమమున ప్రాణములు కోల్పోయినవారు పలు యూళ్ళవారు. 1971 జనవరి 20వ తేదీన శంకుస్థాపన జరిగి, 1992లో ఆ కర్మాగారము జాతికి అంకితమైనది. దాని కొఱకు అనేక గ్రామములవారు ఇండ్లు, భూములు విడిచిరి. అందు మన కమ్మరి కొలుములును కొన్ని చల్లారిపోయినవి. ఆ కొలుముల పిల్లలే నేడు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, అచ్చుపోత పనివారుగా జీవించుచున్నారు. ఇనుమును కాల్చుట, వంచుట, అతుకుట మన రక్తముననే యున్నదని మనము గొప్ప చెప్పుకొందుము. రక్తముననున్న సంగతి మాకు తెలియదు. చేతిలో నున్న సంగతి మాత్రము మేమెఱుగుదుము. ఈ కాలపు శిల్పికి కావలసినవి ఆ చేతులే. పెద్ద శిల్పమునకు లోపల ఇనుప పంజరము కావలెను, అచ్చు కావలెను, ఎత్తుటకు క్రేను కావలెను. అవి మన పట్టణముననున్నంత సమృద్ధిగా ఎన్ని యూళ్ళనున్నవి? శిల, కొలిమి, తోడు, గిరాకి అని మేము చెప్పిన నాలుగింటిలో కొలిమి యిచ్చట కొండంతయై యున్నది.

ఇక మనవారు చెప్పు ఆక్షేపణలు రెండు. మొదటిది: ‘విద్యను పరులకు నేర్పిన మన పిల్లల అన్నము పోవును.’ అయ్యా! మన పిల్లలు ఎచ్చట? రాతిచావడిలో కూర్చుండుటకు మన యిండ్ల నుండి వచ్చువారు ఏటికి ఒకరైనను లేరు. ఉన్న పనిలో కొంత యంత్రము తీసికొనుచున్నది. నేడు యంత్రము గణితము ప్రకారము రాతిపై బొమ్మను చెక్కుచున్నది. అన్నము పోవుట పరుని వలన కాదు; పనిచేయువాడు లేకపోవుట వలన. రెండవది: ‘ఆగమ శాస్త్రమునకు భంగము కలుగును.’ పూజావిగ్రహమునకు శాస్త్రము కలదు. దానిని తెలిసినవారు తెలిసినట్లు చేయుదురు. వచ్చినవానికి ఆ శాస్త్రమును చెప్పుటయే దానిని కాపాడుట. మనతోనే పాతిపెట్టుట కాపాడుట కాదు.

కావున మేము ఈ మహాసభకు మూడు విన్నపములు చేయుచున్నాము.

మొదటిది. మన సంఘపు క్రొత్త భవనము వెనుక ఖాళీస్థలము కలదు. అందు దుకాణములు కట్టి అద్దెకిచ్చుటకు కార్యవర్గమువారు ఆలోచించుచున్నారని వింటిమి. ఆ దుకాణములలో ఒకదానిని తగ్గించి, అచ్చట పైకప్పు, నీరు, విద్యుచ్ఛక్తి గల ఒక చావడిని కట్టింపుడు. ఈ పట్టణమునకు వచ్చు శిల్పికి దానిని రెండేండ్లు అద్దె లేకుండ ఇండు. అతని పనిని చూడుడు. అతని పుట్టుకను అడుగకుడు. అతడు వారమునకు ఒక దినము మన పిల్లలకు బోధింపవలెనను నియమము చాలును.

రెండవది. చెన్నపట్టణము చెంత మహాబలిపురమున 1957 నుండియు, తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానమువారి యాజమాన్యమున 1960 నుండియు శిల్పవిద్యాలయములు నడచుచున్నవి. మన విద్యార్థి వేతనములన్నియు ఇంజనీరింగు, వైద్యము చదువువారికే పోవుచున్నవి. అందు ఒక్క వేతనమును శిల్పము నేర్చువానికి ప్రత్యేకింపుడు. నేర్చువాడు అను మాటలో నేర్చునది కూడ చేరియున్నదని మా మనవి. మజ్జిగ చెంబుతో పరుగెత్తిన ఆ మనుమరాలు నేడు బొమ్మలు గీయుచున్నది. ఉలి యిచ్చెదమా అని అడిగిన, ‘తాతా! ఎప్పుడిచ్చెదవు?’ అని మమ్మే ఎదురు ప్రశ్నించినది.

మూడవది పోషకులకు. మీరు గుడికో, బడికో, మీ తలిదండ్రుల స్మారకమునకో శిల్పమును చేయింపదలచినపుడు, అంగడిలో తక్కువ వెలకు దొరకు అచ్చుబొమ్మను కొనక, చేతిపనివానిని పిలువుడు. వెలలో మూడవ వంతు ముందుగా ఇండు; రాయి కొనుటకు అతనియొద్ద ధనముండదు. పని ముగిసిన పిమ్మట పీఠముపై మీ పేరుతోపాటు అతని పేరును కూడ చెక్కింపుడు. దాత పేరు నిలిచి, శిల్పి పేరు మాయమగుట ఆ దంతపు పెట్టెల కాలము నుండియు సాగుచున్న అన్యాయము. దానిని మన సంఘమైనను మాన్పవలదా?

మా వంతుగా మేము ధనమిచ్చు స్థితిలో లేము. మా కార్ఖానాలో మిగిలిన శిలలు పదునొకండు కలవు. మా తండ్రిగారి నాటి నుండి వచ్చిన ఉలులు, సుత్తులు, కొలతకఱ్ఱలు కలవు. వానినన్నింటిని ఆ చావడికి ఇచ్చుచున్నాము. చావడి కట్టుట ఆలస్యమైన యెడల అంతవఱకు మా కార్ఖానా తలుపు తెఱచియే యుండును. ఆళ్ళగడ్డలోని ఆ యువకునికి ఉత్తరము వ్రాసితిమి. మీ పని ముగిసినప్పుడు కొన్నిదినములు మా యింట నుండి మా పిల్లలకు మట్టిపని చూపవలసినదని కోరితిమి. వచ్చెదనని అతడు ప్రత్యుత్తరము వ్రాసెను. ఆ యుత్తరములో పాతసంగతి ఒక్క మాటయైనను లేదు. మా మనుమరాలి మజ్జిగను మాత్రము జ్ఞాపకముంచుకొని, ఆ బిడ్డకు ఒక చిన్న ఉలిని పంపెను.

మహాజనులారా! వృద్ధుల మాటలో దోషములున్న మన్నింపుడు. మేము చెప్పిన మూడు విన్నపములపై ఈ సభ ముగియులోపుగా తీర్మానము చేయుడని ప్రార్థించుచు విరమించుచున్నాము.

స్వస్తి.